ఉడకని కంప్యూటర్

ఇళ్ళకూ ఆఫీసులకూ లోపలి అలంకరణ గీసిచ్చే పని నాది. సోమాజిగూడలో చేసే ఉద్యోగం మానేశాక అమీర్‌పేటలోని మా ఫ్లాటే నా ఆఫీసయింది. కొలతలు తీసుకొచ్చి, కంప్యూటర్‌లో గోడలు నిలబెట్టి, సోఫాలు, లైట్లు అమర్చి బటన్ నొక్కితే, వెలుగునీడలతో అచ్చం ఫొటోలాంటి బొమ్మ తయారవుతుంది. పాత కంప్యూటర్‌కి ఒక్కో బొమ్మకీ పూటంతా పట్టేది. ఆ లోపు మౌస్ కదిపితే చాలు, అలిగి ఆగిపోయేది.

బొమ్మ అలా నెమ్మదిగా తయారవడానికి మా అత్తయ్యగారు "ఉడకడం" అని పేరు పెట్టారు. ఆవిడది నేతపని వాళ్ళ ఊరు. పెళ్ళయ్యాక పంజాగుట్టకు వచ్చి చాలా ఏళ్ళు జాకెట్లు కుట్టారు. నేను కాకినాడ వైపు దాన్ని. కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ మాటలు నాకు సగం అర్థమయ్యేవి కావు. కంప్యూటర్ ఉడుకుతున్నంతసేపూ బాల్కనీలో టీ తాగుతూ, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ మేమిద్దరం దగ్గరయ్యాం.

ఈ ఏడాది కొత్త కంప్యూటర్ కొన్నాను. అద్దం తలుపు, లోపల రంగురంగుల లైట్లు, తిరిగే ఫ్యాన్లు. మా ఆయన దాని చుట్టూ తిరిగి చూసి, "పెండ్లి మండపం లెక్కుంది" అన్నారు. మొదటి బొమ్మకు బటన్ నొక్కగానే అత్తయ్యగారు అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళారు. ఆవిడ పాలగిన్నె పొయ్యి మీద పెట్టేలోపే బొమ్మ వచ్చేసింది.

"అయిపోయింది అత్తయ్యా!" అని సంతోషంగా కేకేశాను.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూశారు. "గింత జల్దీనా? మరి ఛాయ్?"

నవ్వేసి, తర్వాతి పని తెరిచాను. ఆ తర్వాత కొన్ని వారాలు అలాగే గడిచాయి. పని త్వరగా అవుతోందని ఇంకా పని ఒప్పుకున్నాను. అత్తయ్యగారు టీ తెచ్చి నా పక్కన పెట్టి, తన గ్లాసుతో ఒక్కరే బాల్కనీలోకి వెళ్ళేవారు. నాకు గమనించే తీరిక లేదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ కుర్చీ లాక్కొని నా వెనక కూర్చున్నారు. "నాకు సుత ఒకటి చేసి సూపియ్యి బిడ్డా."

"ఏం చేయమంటారు?"

"మన ఇల్లే."

ఎందరి ఇళ్ళో గీశాను గానీ మా ఇంటిని ఎప్పుడూ గీయలేదు. ఆవిడ టేపు ఒక కొస పట్టుకుంటే హాలు కొలిచాను. సాయంత్రానికి మా హాలు తెర మీదికి వచ్చింది. ఇక ఆవిడను ఆపడం నా వల్ల కాలేదు.

"గీ గోడకు చిలకపచ్చ ఎయ్యి." వేశాను. "అబ్బో, వద్దు, తియ్యి తియ్యి!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. నడిమధ్య ఊయల కట్టమన్నారు. కట్టాను. ఊగితే టీవీకి తగులుతుందని తీయించారు. ఈ మెషిన్‌లో అడిగిందల్లా అడిగిన క్షణంలో మారుతోంది. పాతదానితో అయితే ఈ ఆట కుదిరేది కాదు.

చివరికి, మూలన ఉండే ఆవిడ దివాన్‌ని కిటికీ కిందికి జరిపాను. కిటికీ బయట మెట్రో వంతెన ఫొటో కూడా అతికించాను. అత్తయ్యగారు కుర్చీని తెరకు దగ్గరగా జరుపుకున్నారు.

"గాడ కూసుంటే రైలు కనపడ్తదా?"

"కనపడుతుంది అత్తయ్యా."

"మరి గిన్నొద్దులు గా మూలకెందుకున్న?"

ఆ కిటికీ కింద ఉన్నది నా బల్లే.

ఆదివారం నా బల్లను లోపలి గోడవైపుకు, దివాన్‌ని కిటికీ కిందికి జరపడం మొదలుపెట్టాం. మా ఆయన సణిగారు. "అమ్మా, నెట్ వైరు గా గోడ దాకా రాదే."

"వైరు సంగతి నువ్వు సూస్కో. కిటికీ నాది," అన్నారావిడ దివాన్ మీద అప్పటికే కాళ్ళు ముడుచుకుని. ఆయన పొడుగు వైరు కోసం బజారుకు వెళ్ళక తప్పలేదు.

ఇప్పుడు నా బల్ల లోపలి గోడవైపు ఉంది. తెర మీద ఎండ పడటం లేదు, నాకూ హాయిగానే ఉంది. అత్తయ్యగారు రైళ్ళు చూస్తూ, మధ్యమధ్య నా తెర వైపు తిరిగి, "ఆళ్ళ వంటిల్లు ఇరుకైంది సూడు" అంటుంటారు. ఒక్కోసారి ఆ మాట విని మారుస్తాను. ఒక్కోసారి, ఇంటివాళ్ళకు ఇలాగే కావాలని చెబుతాను. "ఆళ్ళిష్టం" అని మళ్ళీ కిటికీ వైపు తిరుగుతారు. సాయంత్రం కాగానే నేనే పని ఆపేసి దివాన్ మీద ఆవిడ పక్కన చేరుతున్నాను.

మొన్న పై అంతస్తు ఆవిడ వచ్చి మా హాలును మెచ్చుకుంది. నేను నోరు తెరిచేలోపే, "నీది సుత చేసిస్తం తియ్యి" అని అత్తయ్యగారు మాటిచ్చేశారు. రేపు మధ్యాహ్నం ఇద్దరం కొలతలకు వెళ్తున్నాం.