కండువా కప్పుకున్న మరబొమ్మ

పేరు లక్ష్మీరాజం. వయసు నలభై ఒకటి. గర్షకుర్తిలో మరమగ్గాలపై నేతపని. మా ఎదురింటి వారైనందున పద్దెనిమిదేళ్లుగా నాకు తెలుసు.

వీరి కుమార్తె నవ్యశ్రీకి ఏడేళ్లు. తలసేమియా కారణంగా మూడు వారాలకొకసారి కరీంనగర్‌లోని పిల్లల దవాఖానలో రక్తం ఎక్కించవలసి ఉంటుంది. సూది కనబడితే మంచం కింద దూరేది. నిరుడు ఆ వార్డుకు రోబో ఒకటి వచ్చింది. మోకాలెత్తు బొమ్మ, పిల్లలతో మాట్లాడుతుంది, కళ్లార్పుతుంది. కుతూహలం కొద్దీ ఒకనాడు తండ్రీకూతుళ్లకు నేనూ తోడు వెళ్లాను.

"నీకు రక్తం ఎవరిస్తరు?" అని పాప దాన్ని అడిగింది.

"నాకు రక్తం అక్కరలేదు. కరెంటు చాలు."

"అగో బాపూ, గిది మన మగ్గం లెక్కనే! కరెంటు పోతే ఎట్ల మరి?"

"నిద్రపోతాను. నువ్వు లేపుతావా?"

ఎలా లేపాలా అని పాప ఆలోచిస్తుండగానే నర్సు వనజ సూది గుచ్చడం పూర్తయింది. బొమ్మ నిజంగానే అడిగిందా, అడిగేలా అమర్చారా అన్నది నాకు నేటికీ బోధపడలేదు. వనజను అడిగితే, "నాకూ తెల్వది సార్. పిల్ల ఏడ్వలే, గది సూడుండ్రి" అన్నది.

మేలు చేసినవారికి కొత్తబట్ట పెట్టడం మా వైపు మర్యాద. మరుసటిసారి లక్ష్మీరాజం స్వయంగా నేసిన కండువాను బొమ్మకు మెడ నుండి నడుము దాకా నిండుగా కప్పారు. వెనుక గాలి పోయే రంధ్రాలు మూసుకుపోయాయి. బొమ్మ వేడెక్కి, మాట మధ్యలో ఆగిపోయింది.

ఇంటికి రాగానే లక్ష్మీరాజాన్ని తల్లి శంకరవ్వ నిలదీసింది.

"ఏమిరా, దినాం మోటర్లతోనే బతుకుతవు. కప్పితే కాలుతదని ఎరుక లేదా?"

"మగ్గమైతే ఎరుకనే అవ్వా. దానికి నవ్వు మొకముండె. లోపల మోటరుంటదని సోయే రాలే."

"మంచిగైంది. ఇగ పట్టుచీర గూడ పెట్టు!"

బొమ్మ బాగై వచ్చింది గాని, ఎవరూ ముట్టరాదని కార్యాలయ గదిలో ఉంచి తాళం వేశారు. అప్పటినుండి నవ్యశ్రీని నలుగురు అదిమిపట్టి సూది వేయవలసి వస్తున్నది. పోయినసారి పెనుగులాటలో సూది జారి, మళ్లీ గుచ్చారు. ఇకమీదట రానని పాప భీష్మించింది. రక్తం ఎక్కించక తప్పదు.

కావున దవాఖాన పర్యవేక్షకులు గారికి సవినయంగా మనవి చేయునది: లక్ష్మీరాజం చేసినది అగౌరవం కాదు, తెలియక చేసిన మర్యాద. వారు ఇకపై బొమ్మను తాకబోరని నేను హామీ ఇస్తున్నాను. వచ్చే గురువారం సూది వేయు సమయాన దానిని నవ్యశ్రీ మంచం పక్కన కూర్చుండబెట్టుటకు దయతో ఉత్తర్వులు ఇవ్వగలరని ప్రార్థన.