వైరుకు గాడి తీసిన లఫాయెలె

లఫాయెలె రోజూ తెల్లవారగానే చర్చి హాలు తలుపు తీసి, గడప దగ్గర చిన్న ప్రార్థన చేసుకుని, వంగి నేల చెక్కల మీద అరచెయ్యి ఆనించేవాడు. చెయ్యి జిల్లుమనకపోతే "దేవుడికి స్తోత్రం" అనుకుని టీకి నీళ్లు పెట్టేవాడు. ఆ నేల మీద కాళ్లు మడుచుకుని చాపలల్లేది మేమే, ఆక్లాండ్ శివారు మాంగెరేలో స్థిరపడ్డ సమోవా దీవుల ముసలమ్మలం. ఇక్కడి చలికాలం సంగతి మా మోకాళ్లకు తెలుసు.

విమానాశ్రయంలో సామాన్లెత్తే పని మానుకున్నాక ఆయన చర్చికే అంకితమయ్యాడు. ఎవరూ అడగకముందే హాలును మట్టికి ఎత్తుగా నిలిపిన పొట్టి దిమ్మెల మధ్య వెల్లకిలా జరుగుతూ వెళ్లి, చెక్కల అడుగున థర్మాకోల్ అట్టలు బిగించాడు. కరెంటు వైరు అడ్డొచ్చిన చోటల్లా అట్టకు గాడి తీసి, వైరును అందులో పొదిగాడు. చొక్కా గుండీ వదులైనా ఓర్చుకోలేని మనిషి, వేలాడే వైరును ఎలా వదిలేస్తాడు? నేల వెచ్చబడిందని తెలిసి మాలో ఒకరైన వావోసా "మా ఇంటికీ చేసిపెట్టన్నా" అంది. ఆమె ఇచ్చిన కోకో తాగి, ఆ పనీ చేసొచ్చాడు. ఇది జరిగి చాలా ఏళ్లయింది.

మొన్న చలికాలంలో హాల్లో దీపాలు రెపరెపలాడాయి. ఆయన తమ్ముడి కూతురు మరెటా ఎలక్ట్రీషియన్. ఆమె వచ్చి, మెయిన్ స్విచ్చు ఆపేసి నేల కిందికి దూరింది. జుట్టునిండా దుమ్ముతో బయటికొచ్చింది. చేతిలో వైరు ముక్క, దానికి అతుక్కుపోయిన అట్ట.

"పెదనాన్నా, ఇవి పెట్టిందెవరు?"

"నేనే. ఎంత బాగా కుదిరాయో చూశావా?"

ఆమె వైరును వంచింది. పైతొడుగు పుటుక్కున పగిలింది. గాడి ఉన్నచోట అట్ట కరిగినట్టు కుంగిపోయి ఉంది.

"తొడుగు మెత్తగా ఉండటానికి అందులో నూనెలాంటిది కలుపుతారు. థర్మాకోల్ తగిలితే ఆ నూనె మెల్లగా దానిలోకి పోతుంది. అట్ట కరుగుతుంది, తొడుగు బిరుసెక్కుతుంది. లోపలి రాగి బయటపడిందంటే నిప్పంటుకోవచ్చు."

"రెండూ ప్లాస్టిక్కే కదమ్మా!"

"చుట్టాలే పెదనాన్నా. కానీ ఒకే పక్క మీద పడుకోబెట్టకూడని చుట్టాలు."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆయన చూపు వావోసా మీదే ఉంది. ఆమె చిన్న మనవడికి ఆయాసం. వాడి గదిలో ఆ వైర్ల మీదే రాత్రంతా హీటరు వెలుగుతూనే ఉంటుంది.

"వావోసా వాళ్లింట్లో కూడా..." అన్నాడు మరెటాతో, గొంతు తగ్గించి.

"ఇలాగే అయిందని ఇప్పుడే అనలేం. సాయంత్రం చూస్తాను. మార్చాల్సొస్తే మాత్రం వైరు రేపటికిగానీ దొరకదు."

కిటికీ వెలుతురులోనే అల్లుకుంటున్న వావోసా గొంతెత్తింది. "ఏంటన్నా, దీపాలార్పి మమ్మల్ని తరిమేద్దామనా? ఈ చాప అంచు పూర్తయ్యేదాకా ఒక్కర్తీ కదలదు!"

ఆయన మా కప్పుల్లో టీ పోస్తుంటే సగం సాసర్లలోకే పోయింది. పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనేమో. కెటిల్ కింద పెట్టి వచ్చి వావోసా ఎదుట మోకరిల్లాడు. అల్లుతున్న చాప కొస లాక్కుని తలమీద కప్పుకున్నాడు.

మా చేతులు ఆగిపోయాయి. మావాళ్లలో చాప కప్పుకుని ఎదుట కూర్చున్నాడంటే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే. చిన్నాచితకా తప్పులకు ఎవరూ అలా కూర్చోరు.

వావోసా కంగారుగా చాప తీసేసింది. "ఇదేంటన్నా! నాకేం చేశావని? అంచు ఊడితే మళ్లీ నేనే అల్లుకోవాలి."

"మీ ఇంటి కింద కూడా వైర్లను ఇలాగే పొదిగానమ్మా. ఇన్నాళ్లూ వాటి మీదే పిల్లలు నిద్రపోయారు."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత ఆ చేత్తోనే ఆయన భుజం మీది చాపనార దులిపింది. "నేనడిగితేనే కదన్నా చేశావు. మావాళ్లను చలికి వణకనివ్వకుండా చూశావు. లే."

ఆయన లేవలేదు.

"మరెటా వెళ్లి మీ ఇంటి మెయిన్ ఆపేస్తుంది. వైర్లు మార్చేదాకా పిల్లల్ని మా ఇంట్లో పడుకోనివ్వమ్మా. నువ్వూ రా. మా ఆవిడ సియెని పక్కలు వేసి ఉంచుతుంది. మీ చిన్న మనవడి ఆయాసానికి హీటరు నేను చూసుకుంటాను. ఈ ఒక్క సాయం చెయ్యి."