క్వామే అన్నకు నాన్న పెట్టని సంతకం

మా చిన్నప్పుడు... పుప్పాలగూడలో మా మేడ మీది గదిలో క్వామే అన్న కిరాయికి ఉండేవాడు. ఘనా నుంచి వచ్చిన ఫుట్‌బాల్ ఆటగాడు. ఇక్కడి క్లబ్బొకటి జీతమిచ్చి పిలిపించుకుంది. పొద్దున్నే బూట్లు భుజాన వేసుకుని గచ్చిబౌలి స్టేడియానికి ప్రాక్టీసుకు వెళ్లేవాడు.

ఆయన వీధిలోకి వస్తే చాలు... చూపులన్నీ ఆయన మీదే. అందుకే మ్యాచ్ ఉన్న రోజు మా నానమ్మ ఆయన్ని గడప ముందు కూర్చోబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది.

"ఊరి కండ్లన్నీ నీ మీదనే ఉన్నయ్ బిడ్డా" అనేది.

ఆయనకు తెలుగు రాదు. ప్రార్థన అనుకుని తల వంచి, చివర్లో "ఆమెన్" అనేవాడు. నానమ్మ కూడా అదేదో మంచి మాటే అయ్యుంటుందని ఊరుకునేది.

సాయంత్రం రెండు చెప్పులు గోల్‌గా పెట్టి, నన్ను మధ్యలో నిలబెట్టి బంతి ఆపడం నేర్పించేవాడు. తొమ్మిదేళ్ల ఆడపిల్లను నేను... ఆ వీధిలో నన్ను ఆటకు పిలిచింది ఆయనొక్కడే.

రెండో ఏడు కూడా ఆడమంది క్లబ్బు. విదేశీయుడు కదా, వీసా పొడిగింపుకు ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితం మీద ఇంటి ఓనరు సంతకం కావాలి. సరిగ్గా ఆ వారమే కాలనీ పెద్దలు మా ఇంటికి వచ్చారు.

"గిట్లాంటోళ్లను పెట్టుకుంటే మా ఆడపిల్లలు ఎట్ల తిరగాలె? జర ఆలోచించు" అన్నారు నాన్నతో.

ఆయనేం తప్పు చేశాడో ఒక్కరూ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కాబట్టి. నాన్న వాళ్లకు చాయ్ పోయించాడు. మర్నాడు క్వామే అన్న కాగితం తెస్తే రేపు రమ్మన్నాడు. ఆ రేపు కూడా రేపే అన్నాడు. గడువు దాటిపోయింది. వేరే ఇంట్లో గది దొరకలేదు. క్లబ్బు ఇంకొకరిని తీసుకుంది. గాయం కాలేదు, ఆట తగ్గలేదు... ఒక్క సంతకం లేక ఆ మనిషి ఆట ఆగిపోయింది.

వెళ్లేరోజు అలవాటుగా గడప ముందు కూర్చున్నాడు. నానమ్మ చేతిలో ఉప్పు లేదు. నాన్న వైపే చూస్తూ అంది.

"బయటోళ్ల దిష్టే తీసిన బిడ్డా... ఇంటోళ్ల దిష్టి యాదికి రాలే."

ఆయన మామూలుగానే "ఆమెన్" అన్నాడు. నాన్న తల ఎత్తలేదు. నాన్న అంటే నాకు ప్రాణం... అయినా ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు ఆ మేడ లేదు. ఆ చోటే లేచిన అపార్ట్‌మెంట్లలో ఉంటున్నాను. నిన్న మా వాట్సాప్ గ్రూపులో సెక్రటరీగారు పెట్టిన మెసేజ్... "ఆఫ్రికా వాళ్లకు ఫ్లాట్లు కిరాయికి ఇవ్వవద్దండి." దాని కింద వరసగా దండాలు, బొటనవేళ్లు. బాల్కనీలోంచి కిందికి చూస్తే ఆ సెక్రటరీగారి కొడుకే బంతి తంతున్నాడు... వీపు మీద ఒక ఆఫ్రికా ఆటగాడి పేరున్న జెర్సీ వేసుకుని. పేరుకైతే వీపు మీద చోటుంది, మనిషికి ఇంట్లో లేదు. సిగ్గుండాలి కదా మనకు?

మామిడికాయలు, గోలీల జ్ఞాపకాలు అందరం రాస్తూనే ఉంటాం. ఈసారి ఇది రాయండి... గది ఖాళీగా ఉండి కూడా, లేదని మీ ఇంటి నుంచి ఎవరిని వెనక్కి పంపారు?