శేషగిరి గారి నిమిషాల రివ్యూ

శేషగిరి గారు సినిమా చూసొచ్చి కథ చెప్పరు. నిమిషాలు చెబుతారు.

ఏడాదిగా సిడ్నీలోని మా కెల్లీవిల్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పిల్లల సినిమా ఏది వచ్చినా మొదటి రివ్యూ ఆయనదే. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మొదటిరోజు మొదటి ఆటకి, పాప్‌కార్న్ విసురుకునే పిల్లల మధ్య ఒక్కరే చేతివాచీ, నోటుపుస్తకం పట్టుకుని కూర్చుంటారు.

ఆ మధ్య తప్పిపోయిన వాంబాట్ పిల్ల, అంటే ఇక్కడి బొరియల్లో ఉండే బొద్దు జంతువు పిల్ల, ఇల్లు వెతుక్కునే కొత్త యానిమేషన్ సినిమా వచ్చింది. పేపర్లన్నీ దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. ఒకాయన నాలుగున్నర నక్షత్రాలిచ్చాడు. ఇంకొకావిడ ఐదూ ఇచ్చేసి, ఏడ్చానని కూడా రాసింది. నేను మాత్రం ఊరుకుంటానా? బంధాలు, పర్యావరణం, రంగుల మేళవింపు అంటూ గ్రూపులో నాలుగు పేరాలు దంచాను. మూడు లైకులొచ్చాయి, అందులో ఒకటి మా ఆవిడది.

శేషగిరి గారి రివ్యూ ఇదీ: "12: ఉరుము. 31: చెట్టు కూలును. 47: జలపాతం, పెద్దది. 58: మళ్ళీ ఉరుము. రేటింగు రెండు."

"అంకుల్, ఇది రివ్యూనా, రైల్వే టైమ్‌టేబులా?" అని ఫోన్ చేశాను. ఆయన పారమట్టాలో రైళ్ళ టైమ్‌టేబుళ్ళు వేసే ఆఫీసులోనే పనిచేస్తారు.

"ఎక్కడైనా నిమిషం తప్పుంటే చెప్పవయ్యా, మారుస్తాను."

"పేపర్లన్నీ నాలుగు పైన ఇస్తే మీరు రెండేంటి?"

"చప్పుళ్ళెక్కువ."

"ఇంతకీ వాంబాట్ పిల్ల ఇల్లు చేరిందా?"

"అది నేను చూళ్ళేదు భాస్కర్. వాచీ చూసుకుంటున్నా."

ఈయనకి కళాహృదయం లేదని ఆ క్షణమే తీర్మానించేశాను.

మా పక్కింటి భానుశ్రీ బాధ వేరు. కూతురు గీతికకి ఆ శనివారంతో ఏడేళ్ళు నిండుతాయి. పుట్టినరోజు పార్టీ ఈ సినిమాకే పెట్టమని క్లాసు పిల్లలంతా పట్టుబట్టారు. గీతికకేమో పెద్ద చప్పుడంటే హడలు. ఏడాది కిందట మూడు సినిమాలకెళ్ళి, మూడింట్లోనూ సగంలో ఏడుస్తూ బయటికి పరుగెత్తింది; ఆ సంగతి గ్రూపంతటికీ తెలుసు. ఈసారి స్నేహితుల ముందే అలా జరిగితే ఇక స్కూలుకి వెళ్ళనని ముందే చెప్పేసింది.

"క్యాన్సిల్ చేసేద్దామనుకుంటున్నా అన్నయ్యా" అంది భానుశ్రీ.

"ఏం ఫరవాలేదమ్మా, ఐదు నక్షత్రాల సినిమా" అని ధైర్యం చెప్పాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పార్టీ క్యాన్సిల్ కాలేదు. శనివారం ఆటకి మేమూ వెళ్ళాం. చూస్తే గీతిక పక్క సీట్లో శేషగిరి గారు. ఆ సినిమాకి ఆయన రావడం అది మూడోసారి. రెండోసారి నిమిషాలు సరిచూసుకోవడానికి వెళ్ళారట. గీతిక మెడలో చప్పుడు వినపడనివ్వని పెద్ద హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి.

పన్నెండో నిమిషం రాబోతుండగా ఆయన వేలు పైకి లేచింది.

"రెడీయా అమ్మా?"

"రెడీ అంకుల్."

హెడ్‌ఫోన్లు చెవులకెక్కాయి. ఉరుము వచ్చింది, వెళ్ళింది. ఉలిక్కిపడింది గీతిక కాదు, క్లాసుకే ధైర్యవంతుడు కిట్టు. చెట్టు కూలేముందు కిట్టు కూడా ఆ వేలు వైపే చూశాడు. జలపాతం దగ్గరికి వచ్చేసరికి వరసంతా తెర వదిలేసి వేలు చూస్తోంది.

యాభై ఎనిమిదికి వేలెత్తింది ఆయన కాదు, గీతిక. హెడ్‌ఫోన్లు మెడలోనే ఉన్నాయి. వేలు దించి, రెండు చేతులతో చెవులు మూసుకుని నవ్వుతోంది.

బయటికొచ్చాక ఆయన్ని పక్కకి లాగాను. "ఏడాదిగా ఈ రివ్యూలన్నీ ఈ పిల్ల కోసమేనా?"

"మరి కార్టూన్లు చూసే వయసా నాది?"

ఆ మనిషికి అక్కడే దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే అది ఎన్నో నిమిషమో రాసుకుంటారని ఊరుకున్నాను.

ఈలోగా గీతిక ఆయన చెయ్యి పట్టుకుని కారుదాకా కథంతా చెప్పింది. "అండ్ దెన్ హీ ఫౌండ్ హిస్ మమ్, అంకుల్!"

"అలాగా? దొరికిందా?" అన్నారు, మూడుసార్లు చూసిన పెద్దమనిషి.

ఇంటికొచ్చి చూద్దును కదా, గ్రూపులో ఆయన మెసేజ్: "సవరణ. రేటింగు ఐదు. కథ బాగుందట."