పెట్రోలు మీటరుకు నల్ల టేపు

మా కరుణ పెళ్లిరోజున పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద జరిగింది తలుచుకుంటే, ఇప్పటికీ నా గుండె ఒక్క క్షణం ఆగిపోయి, సెల్ఫు కొట్టుకుని మళ్లీ మొదలవుతుంది. పూలు కట్టిన కారు, అందులో పెళ్లికూతురు, స్టీరింగు దగ్గర మెకానిక్ తండ్రి, వెనక కనుచూపు మేర హారన్లు. ఇంతకంటే ఘోరం ఎవరైనా చూసి ఉంటే వచ్చి చెప్పండి, టీ తాగిస్తాను. చూసి ఉండరు.

ముందు నా గొప్పలు చెప్పుకోనివ్వండి. ఆఖరికి ఎలాగూ ఏమీ మిగలవు. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు ఆకాశాన్ని మూసేసిన ఒక గల్లీలో నాకు షెడ్డు ఉండేది. మేడ మీద పిల్లలు సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటుంటే, కింద నేను కార్ల పొట్టలు విప్పేవాణ్ణి. నాకు చదువు లేదు. అక్షరాలు దిద్దిందే నలభై దాటాక, చర్చి వాళ్లు సాయంత్రాలు పెట్టిన బడిలో. అయితే ఏం? చెవులున్నాయి. బండి గల్లీ మలుపు తిరగకముందే దాని రోగం చెప్పేసేవాణ్ణి. పెద్దాసుపత్రి డాక్టరు గొట్టం పెట్టి వింటే తెలిసేది, నాకు టీ తాగుతూ తెలిసిపోయేది. ఆ చెవులే నన్ను ముంచాయి.

పెళ్లి రెండు రోజులుందనగా మూర్తిగారు తన కారు తెచ్చారు. కాకినాడ వైపు మనిషి, మా మేడ మీదే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. కారు జపాన్ రకం, అప్పటికే చాలా పాతది.

"దేవదానం గారూ, ఇది హైబ్రిడ్ అండీ. పెట్రోలూ ఉంటుంది, బ్యాటరీ కూడా ఉంటుంది."

నేను పకపకా నవ్వాను. "బ్యాటరీ లేని కారు యాడుంటది సార్?"

"అబ్బే, ఆ బ్యాటరీ కాదండీ. ఇది వెనకాల పెద్దది..."

"పెద్దదైనా చిన్నదైనా బ్యాటరీ బ్యాటరీయే. తక్లీఫ్ ఏందో చెప్పుండ్రి."

పాపం, ఆయన ఊరుకున్నారు. ఊరుకోకుండా నా నెత్తిన ఒక్కటి మొట్టి చెప్పి ఉంటే ఈ కథే లేదు.

"పెట్రోలు మీటరండీ. మొన్న ట్యాంకు నిండా కొట్టించానా, రెండు గీతలే చూపించింది. అయిపోవచ్చింది అనుకున్న రోజు నిండా చూపించింది. దాని మాట నమ్మాలో వద్దో తెలియట్లేదు."

"నమ్మకుండ్రి. నన్ను నమ్ముండ్రి. పొద్దుగూకే వరకు సీదా చేస్త."

"తొందరేం లేదులెండి. మీ అమ్మాయి పెళ్లికి ఈ కారే వాడుకోండి. అయ్యాకే తెచ్చివ్వండి."

పట్టరాని సంతోషం నాకు. మా వియ్యపురాలు ముందే మూతి విరుస్తోంది, షెడ్డు నడిపేవాడి పిల్ల అని. జపాన్ కారులోంచి మా కరుణ దిగితే ఆ మూతి దానంతటదే సరిగ్గా తిరుగుతుందని నా లెక్క.

వెనక సీటు ఎత్తాను. ట్యాంకు మూత విప్పాను. పెట్రోలు మీద తేలుతూ, లోపల ఎంతుందో మీటరుకు చెప్పే చిన్న బెండు ఒకటి ఉంటుంది. దాని కాడ జిగటపట్టి బిగుసుకుపోయింది. అదీ రోగం. ఉన్న పెట్రోలంతా డబ్బాలోకి తోడేసి, ట్యాంకు అడుగు తుడిచి, బెండు కాడను కడిగి, పసిపిల్లాడి చేయిలా మెత్తగా ఆడేట్టు చేసి మళ్లీ బిగించాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ మరియమ్మ ఫోను.

"టెంటాయన వచ్చిండు, పూలాయన వచ్చిండు. పెండ్లిపిల్ల తండ్రొక్కడే రాలే. నువ్వొస్తవా, ఇంకోణ్ణి సూస్కోవాల్నా?"

సీటు దబ్బున పడేసి, షెడ్డు మూసి పరుగెత్తాను. పెట్రోలు డబ్బాలోనే ఉండిపోయింది. ఈ సంగతి మీకు ఇప్పుడే తెలిసింది. నాకు తెలియాలంటే పెళ్లికూతురు ఫ్లైఓవర్ ఎక్కాల్సి వచ్చింది.

పెళ్లినాడు పొద్దున షెడ్డుకు వెళ్లి కారు బటన్ నొక్కాను. దీపాలు వెలిగాయి. చప్పుడు లేదు. ముందుకు పోనిచ్చాను, పోయింది. వెనక్కి రమ్మన్నాను, వచ్చింది. అయినా ఇంజన్ చప్పుడు లేదు! తెలివున్నవాడెవడైనా ఏమనుకుంటాడు? నేను మాత్రం కాలరు ఎగరేసుకున్నాను. ట్యాంకు ఒక్కటి కడిగితేనే ఇంజన్ ఇంత నున్నగా అయిపోయిందంటే, ఇక నా చేతిలో ఏముందో మీరే చెప్పండి!

మీటరు మాత్రం ఒక్క గీత కూడా చూపించలేదు. పక్కన పసుపుపచ్చ దీపం ఒకటి కొట్టుకుంటోంది. ఇంగ్లీషులో ఏదో రాసి వస్తోంది, నేను కూడబలుక్కునేలోపే మాయమైపోతోంది. 'నువ్వింకా అబద్ధాలు మానలేదన్నమాట' అనుకున్నాను. కారు కదులుతోంది కదా. పెట్రోలు లేకుండా కారు కదులుతుందా? నా జన్మలో చూడలేదు. కాబట్టి పెట్రోలు ఉంది. కాబట్టి మీటరు దొంగ. కోర్టులో జడ్జిగారు కూడా ఇంతకంటే చక్కగా తీర్పు చెప్పలేరు.

మా షెడ్డులో ఒక పాత వైద్యం ఉండేది. ఆరని దీపానికి నల్ల టేపు. మీటరుకూ దీపానికీ కలిపి అడ్డంగా అంటించేశాను.

ఇంటికొచ్చి మరియమ్మను ఎక్కించుకుంటే మొదట ఆమె కన్ను దాని మీదే పడింది.

"గిదేంది, మీటరుకు పట్టీ ఏసినవ్?"

"దిష్టి తగల్కుండ."

"కారుకు దిష్టి మీటరుల తగుల్తదా?"

"నీకు తెల్వదు, కూసో."

పంజాగుట్టలో బ్యూటీపార్లరు ముందు కరుణ తెల్ల పట్టుచీరలో, తల మీద ముసుగుతో నిలబడి ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి నాకు. పెళ్లి బేగంపేట చర్చిలో. మా వెనకే ఇంకో జంట పెళ్లి కూడా ఉంది. పాస్టరు అయ్యగారు ముందే గట్టిగా చెప్పారు, ఆలస్యమైతే వాళ్లకు ముందు చేసేస్తాను, మీది సాయంత్రానికి పోతుందని. సాయంత్రం దాకా ఆగే వియ్యపురాలు కాదు మాది.

ఫ్లైఓవర్ ఎక్కాం. కారు కుయ్ కుయ్ మంది.

"నాన, ఏందా చప్పుడు?" అంది కరుణ. ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు చేస్తుంది. తప్పులు పట్టుకోవడమే ఉద్యోగం.

"మీ అమ్మ బెల్టు పెట్టుకోలే."

"నేను పెట్టుకున్న!" అంది మరియమ్మ.

ఎత్తు మీదికి వచ్చేసరికి కారు నెమ్మదించింది. పాకింది. నిలబడిపోయింది. వెనక బస్సువాడు హారన్ మీద కూర్చున్నాడేమో, దిగనే లేదు.

నేను దిగి బానెట్ మీద చెవి పెట్టాను. ఏమీ లేదు. చేయి పెట్టాను. చల్లగా, పొద్దుటి కడవలా ఉంది. అప్పుడు, ఆ ఎండలో, నా ఒళ్లు కూడా చల్లబడింది. ఇంజన్ ఇప్పుడు ఆగిపోలేదు. పొద్దుట్నుంచీ అసలు మొదలే కాలేదు! మరి అమీర్‌పేట నుంచి ఇంతదూరం మమ్మల్ని ఎవరు మోసుకొచ్చారు? భయమేసింది నాకు, అబద్ధమెందుకు.

ఈలోపు కరుణ ముందుకు వంగి టేపు పీకేసింది.

"నాన, పెట్రోల్ లేదని రాసున్నది. ఇంతదూరం బ్యాటరీ మీదనే వచ్చింది."

"అది అబద్ధం బిడ్డా. ఆ మీటరుకు అబద్ధాలు అలవాటు."

"నువ్వే కదా బాగు చేసినవ్?"

"అవ్, నేనే చేసిన. ఫస్ట్‌క్లాస్ చేసిన."

"బాగు చేస్తే అబద్ధమెట్ల చెప్తది నాన?"

నా కళ్ల ముందు షెడ్డు, షెడ్డులో మూల, మూలలో డబ్బా.

"పెట్రోలేడుంది?" అంది మరియమ్మ, నా మొహం చూసి.

"షెడ్డుల."

"షెడ్డులెందుకుంది?"

నేను రోడ్డు వంక చూశాను. ఆమె నా వంక చూసింది. బస్సు హారన్ కంటే ఆ చూపే గట్టిగా వినిపించింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ ఉరికొచ్చాడు. "ఓ పెద్దమనిషీ! పెండ్లి ఫొటోలకు ఫ్లైఓవరే దొరికిందా? తియ్యి బండి!"

"ఫొటోలు కాదన్నా, బండి ఖరాబైంది."

"మరి మెకానిక్‌ను పిలువు!"

నేను తల దించుకున్నాను. మరియమ్మ అద్దం దించింది. "వచ్చిండు సార్. గీయననే."

కానిస్టేబుల్ నన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి, సొంత ఇంట్లో మనిషి పోయినట్టు టోపీ తీశాడు. ఈలోపు అయ్యగారి ఫోను. "దేవదానం, యాడున్నవయ్యా? ఉన్న పెండ్లిపాటలన్నీ పాడించిన. ఇగ క్రిస్మస్ పాటలు సురువు చేసిన్రు." నడిమెండాకాలం అది.

మెడలో కంపెనీ కార్డులు వేలాడుతున్న కుర్రాళ్లు కొందరు బైకులు ఆపి దిగారు. "తోద్దాం అంకుల్!" కానిస్టేబుల్ కూడా చేయి వేశాడు. దిగుడు మొదలవగానే కారు దానంతటదే జారింది. పూలరేకులు రాలుస్తూ, చప్పుడు లేకుండా, శవయాత్రకు పెళ్లి బట్టలు కట్టినట్టు కిందికొచ్చి ఆగింది. ఎదురుగా షేర్ ఆటో. నిండా కోచింగ్ పిల్లలు.

"భాయ్, పెండ్లిపిల్లకు జర జాగా ఇయ్యి!"

"బేగంపేటేనా? ఎక్కుండ్రి! అరే, ఇద్దరు దిగుండ్రి, వెనక ఆటోల రాండ్రి!"

తెల్ల పట్టుచీర మధ్యలో, మరియమ్మ ఒక పక్క, ఎవరిదో పుస్తకాల సంచీ ఇంకో పక్క. నేను బయట కమ్మీ పట్టుకుని వేలాడాను. చర్చి గేటు దగ్గర రెండో పెళ్లికూతురి కారు ఆగుతోంది. మా ఆటోవాడు దాని పక్కనుంచి కట్ కొట్టి ముందు దూరాడు. మెట్ల మీద మా వియ్యపురాలు. జపాన్ కారు కోసం ఎత్తిన ఆమె తల, ఆటోలోంచి దిగుతున్న కోడల్ని చూసి ఎత్తినచోటే బిగుసుకుపోయింది.

పెళ్లికొడుకు పరుగెత్తుకొచ్చాడు. "కరుణా, ఏమైంది? మామయ్య బాగు చేసిన మీటరు మళ్లీ పాడైందా?"

"మీటరు మంచిగనే ఉన్నది," అంది నా బిడ్డ, ముసుగు సర్దుకుంటూ. "ఖాళీ ఉన్నది మా నాననే."

వియ్యపురాలు ముందు ముక్కుతో నవ్వింది. తర్వాత నోటితో నవ్వింది. ఆ తర్వాత మెట్ల మీదే కూర్చుండిపోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మూతి అప్పుడు తిరిగింది చూడండి సరిగ్గా! ఏ జపాన్ కారూ తిప్పలేకపోయేది.

కరుణ చేయి పట్టుకుని లోపలికి నడిపించి, ముందు బెంచీ మీద కూర్చున్నాను. అయ్యగారు చెప్పించినట్టు వాళ్లిద్దరూ ప్రమాణాలు చెబుతున్నారు, కలిమిలోనూ లేమిలోనూ అని. గ్రీజు గోళ్ల చేయి గుండె మీద పెట్టుకుని నేనూ మనసులో చెప్పుకున్నాను: దేవదానం అను నేను, నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా, మీటరు మాటను కాదనను. దాని కళ్లకు టేపు కట్టను. చప్పుడు చేయని కారును చూసి నన్ను నేను మెచ్చుకోను. మరణం మమ్మల్ని వేరు చేసేవరకు.

చివర్లో "ఆమెన్" మాత్రం పైకే వచ్చేసింది. పెళ్లికొడుకు ఇంకా సగం ప్రమాణంలోనే ఉన్నాడు.