పైన మబ్బులు ఎలా ఉన్నాయండీ?

విమానం దిగి వచ్చిన మనిషి కంటబడితే చాలు, మబ్బుల బాబాయి నోట్లోంచి ముందుగా ఊడిపడే మాట ఒక్కటే. నమస్కారం కాదు, ప్రయాణం బాగా జరిగిందా అని కాదు, పెట్టె ఇలా ఇవ్వండి అని కూడా కాదు.

"పైన మబ్బులు ఎలా ఉన్నాయండీ?"

మర్యాదకి అడుగుతున్నాడు కాబోలు అనుకుని "బాగున్నాయి" అని ఊరుకుంటే కుదరదు. "బాగుండటమంటే? దూది ఏకినట్టా, పాలు పొంగినట్టా?" అంటాడు. దానికీ జవాబొస్తే, "అంచులు ఏ రంగులో ఉన్నాయి? నీడ కింద పడిందా? విమానం వాటిలోకి దూరినప్పుడు లోపల ఎలా ఉంది?" హోటల్ మెట్ల దగ్గర దిగేసరికి ఆ ప్రయాణికుడి దగ్గర మబ్బు తునక కూడా మిగలదు. అంతా బాబాయే పిండుకుని ఉంటాడు.

బాబాయికి రెండు కార్లున్నాయి. ఒకటి నడుస్తుంది. రెండోది, నడిచేదానికి కావలసినప్పుడల్లా తన ఒంట్లోంచి ఏదో ఒకటి దానం చేస్తూ ఇంటి పక్కన నిలబడి ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కి, మళ్లీ హోటల్ నుంచి ఎయిర్‌పోర్ట్‌కి మనుషుల్ని చేరవేయడం ఆయన పని. బుకింగులు చూసుకునేది అన్నకూతురు. చిన్నతనం నుంచీ ఆ ఇంట్లోనే పెరిగిన పిల్ల. బాబాయికి తలలో నాలుక, పిన్నికి కుడిచెయ్యి. వీధి గదిలో బల్ల, బల్ల మీద ఫోను, ఫోను వెనక ఆమె, ఆమె వెనక బాబాయి.

"నమస్తే, చెప్పండి. రానూ పోనూ రెండూ కావాలాండీ? ఫ్లైట్ ఎప్పుడు దిగుతుంది? పెద్ద పెట్టెలేమైనా ఉన్నాయా?"

"కిటికీ పక్క సీటేనేమో అడుగు," అంటాడు బాబాయి వెనకనుంచి.

ఆమె ఫోను మీద చెయ్యి మూసి, "ఆయన బుక్ చేసుకునేది మన కారు బాబాయ్, విమానం కాదు," అంటుంది.

"ఇప్పుడే చెబితే మార్చుకుంటాడు కదా పాపం!"

నడవ పక్క సీట్లో కూర్చుని వచ్చిన వాళ్లని చూస్తే బాబాయికి కడుపు తరుక్కుపోతుంది. "అయ్యో, నడవ పక్కా! ఇంతదూరం వచ్చి!" అని, ఇల్లు కాలినవాణ్ణి పరామర్శించినట్టు పరామర్శిస్తాడు. కానీ కిటికీ పక్కన కూర్చుని కూడా చూడనివాళ్లంటే మాత్రం ఒళ్లు మంట. ఒకసారి గచ్చుపలకల వ్యాపారి ఒకాయన, "పడుకున్నానయ్యా, ఏం మబ్బులు!" అన్నాడు. బాబాయి కారు పక్కకి తీసి ఆపేశాడు. వెనక్కి తిరిగాడు.

"విస్తరి ముందు కూర్చుని నిద్రపోయారా?"

"నా టికెట్టు, నా నిద్ర. నీకేంటయ్యా?"

"నాకేం లేదు. వాటికే. అవి ఎంత చిన్నబుచ్చుకుని ఉంటాయో!"

ఆ వ్యాపారి హోటల్ చేరగానే ఫోన్ చేసి అన్నకూతుర్ని దులిపేశాడు. తర్వాతి నెల మళ్లీ ఆయనే ఫోన్ చేశాడు. "ఇదిగో అమ్మాయ్, మీ డ్రైవర్ పుణ్యమా అని నాకు విమానంలో రెప్ప పడలేదు. గొర్రెల మందల్లా ఉన్నాయని చెప్పు. కాదు, నేనే వచ్చి చెబుతాను. కారు పంపు."

మరోసారి పళ్ల డాక్టరొకాయన బాబాయికి జ్ఞానోదయం చెయ్యబోయాడు. "మబ్బంటే ఏమీ లేదండీ. నీటి తుంపర, అంతే."

"అన్నమంటే బియ్యమూ నీళ్లూ, అంతే కదా డాక్టరు గారూ. అలాగని ఎలా ఉందని అడిగితే బియ్యమూ నీళ్లూ అంటారా?"

డాక్టరు నోరు తెరిచి, తన వృత్తికి విరుద్ధంగా, ఏమీ చూడకుండానే మూసేసుకున్నాడు.

ఇంటికి రాగానే బాబాయి ఆ రోజు పోగైన మబ్బులన్నీ వంటగది గడప మీద కూర్చుని పిన్నికి వడ్డించేవాడు. "ఇవాళ ఒకావిడ చెప్పిందే, ఎవరో దుప్పట్లన్నీ ఉతికి ఆరేసి తియ్యడం మర్చిపోయినట్టున్నాయట."

"ఆ మర్చిపోయింది మీరే. పెరట్లో తడుస్తున్నాయి, చూడండి," అనేది పిన్ని.

ఇలా సాగుతుండగా ఒకనాడు హోటల్ మేనేజర్ అన్నకూతుర్ని పిలిపించాడు. వాళ్ల బుకింగుల్లో ముప్పాతిక వంతు ఆ హోటల్ నుంచి వచ్చేవే. ఆ తలుపు మూసుకుంటే నడవని కారు పక్కన నడిచే కారు కూడా నిలబడాల్సిందే.

"చూడమ్మా, అతిథులు అలసిపోయి వస్తారు. మీ బాబాయి వాళ్లకి పరీక్ష పెడుతున్నాడు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే వేరే కార్లవాళ్లని చూసుకుంటాను. ఏమీ అనుకోకు."

ఆమె ఇంటికొచ్చి బాబాయి ముందు చెయ్యి చాపింది. "కారులో మబ్బు అనే మాట ఎత్తనని నా మీద ఒట్టెయ్యి."

బాబాయి ఆ చేతికేసి, తేలును చూసినట్టు చూశాడు. పిన్ని గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వేరే దారి లేక ఒట్టేశాడు.

ఆ వారం బాబాయి పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. మాట జారకుండా బుగ్గలో యాలకులు కుక్కుకునేవాడు. కారంతా వాసనే తప్ప మాట లేదు. ఒకరోజు మాత్రం ఉండబట్టలేక, "దారిలో మీకు... తెల్లగా... మెత్తగా... ఏమైనా తగిలిందాండీ?" అన్నాడు.

"ఆఁ, దిండిచ్చారు," అన్నాడు ప్రయాణికుడు.

ఈ సంగతి బాబాయే చెప్పి వాపోతే, అన్నకూతురు మర్నాటినుంచి తనే ముందు సీట్లో కాపలా కూర్చుంటానంది. పొద్దుటి ప్రయాణానికి ఫోన్లు మోగుతుండటంతో కుదరలేదు. మధ్యాహ్నం దానికి ఎక్కింది.

ఆ మధ్యాహ్నం విమానం దిగినావిడ నడివయసు మనిషి. చిన్న పెట్టె, భుజానికి చేతిసంచి. వెనక కూర్చుని సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ బయటికి చూస్తోంది.

"ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని అన్నకూతురు మర్యాదగా అడిగింది.

"బాగానే జరిగింది."

మాట అక్కడితో సరి. బాబాయి అద్దంలో ఒకసారి ఆవిణ్ణి చూశాడు. బుగ్గలో యాలకులు అటునుంచి ఇటు మారాయి.

హోటల్ వచ్చింది. కాపలా మనిషి కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ దిగలేదు.

"ఒక్క నిమిషం," అంది.

నిమిషం అయింది. వెనక ఇంకో కారు హారన్ కొట్టింది. అద్దాల తలుపు అవతల మేనేజర్ మెడ పొడుగ్గా సాగింది. బాబాయి యాలకులన్నీ ఒక్క గుటకలో మింగి, "అరెరే, దారి తప్పామే!" అని తలుపు వేయించి బండి ముందుకి లాగించేశాడు.

"బాబాయ్! హోటల్ ఇదే!"

"ఇదే. కానీ ఇప్పుడే కాదు."

ఊరి చివర పెద్ద చెరువు. దాని గట్టు మీదుగా రోడ్డు. గాలి లేదు. నీళ్లు నిద్రపోతున్నట్టున్నాయి. ఆకాశంలోని తెల్లదనమంతా వాటిలోకి దిగి మెల్లగా కదులుతోంది. పైనా మబ్బులే, కిందా మబ్బులే. కారు వాటి నడుమ, నేలతో పనిలేనట్టు, చప్పుడు లేకుండా పోతోంది. అన్నకూతురు కోప్పడదామని నోరు తెరిచింది కానీ, ఆ మెత్తదనంలో కోపానికి కాలు ఆనలేదు.

"తల్లీ, గట్టు వచ్చింది కదా," అన్నాడు బాబాయి. "నీ ఒట్టు తీసి ఈ గట్టు మీద పెట్టేస్తున్నాను." అని, అద్దంలోకి చూసి మెల్లగా అడిగాడు. "అమ్మా, పైన మబ్బులు ఎలా ఉన్నాయి?"

"చూడలేదండీ."

"సీటు?"

"కిటికీ పక్కనే."

బాబాయి కారు ఆపలేదు. విస్తరి మాట ఎత్తలేదు. "పొద్దున ఒకావిడ కూడా ఇదే అంది," అన్నాడు. "కిటికీ పక్కనే కూర్చుంది. ఏమీ చూడలేదు. సంచి పట్టీ ఇలాగే వేలికి చుట్టుకుంటూ వచ్చింది."

అన్నకూతురు చివ్వున తిరిగింది. "అంటే పొద్దున కూడా అడిగావన్నమాట!"

"కాపలా లేదు కదమ్మా!"

వెనకనుంచి ఆవిడ ముందుకి వంగింది. "ఎలా ఉంటుంది ఆవిడ?"

"అచ్చం మీ ముక్కే. కాస్త ముందు పుట్టిన ముక్కు."

ఆవిడ చేతిలో పట్టీ ఆగిపోయింది. "మా అక్క," అంది. "మేం మాట్లాడుకుని ఏళ్లయింది. గొడవ దేనిమీద మొదలైందో మా ఇద్దరికీ గుర్తు లేదు. ముందు ఫోన్ చెయ్యాల్సింది నువ్వంటే నువ్వని మాత్రం గుర్తుంది. చివరికి నీ ఊరూ వద్దు, నా ఊరూ వద్దు, మధ్యలో ఒక హోటల్లో కలుద్దామనుకున్నాం. నేను వస్తానని దానికి నమ్మకం లేదు. అది ఆగుతుందని నాకు నమ్మకం లేదు."

"ఆగింది లెండి."

"మీకెలా తెలుసు?"

బాబాయి కాస్త నసిగాడు. "మెట్ల దగ్గర దిగి, మళ్లీ తలుపు పట్టుకుని, 'తిరుగు కారు రేపు కాదు, ఇప్పుడే వెళ్లిపోవాలంటే కుదురుతుందా' అంది. కారు చెడిపోయింది, రేపటిదాకా కదలదు అన్నాను."

"ఆవిడ కళ్ల ముందే నడుపుకుంటూ వచ్చేశావు కదా బాబాయ్!" అంది అన్నకూతురు.

"ఏం చెయ్యను? వెనక కారువాడు హారన్ కొట్టాడు."

వెనకనుంచి నవ్వు వినబడింది. ముందు గుటక మింగినట్టు, తర్వాత కుండ ఒలికినట్టు. నవ్వీ నవ్వీ ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కిటికీలోంచి చెరువుకేసి చూసి, "ఎంత బాగున్నాయండీ," అంది. ఎలా బాగున్నాయని ఈసారి బాబాయి అడగలేదు. ఇంకొక చుట్టు తిప్పి, కారు హోటల్ దారి పట్టించాడు.

అక్కగారు లోపల లేదు. మెట్ల మీదే, చెప్పులు కూడా లేకుండా నిలబడి ఉంది. అద్దంలోంచి కారు వచ్చి వెళ్లిపోవడం చూసి పరుగెత్తుకొచ్చిందట.

"వచ్చి మళ్లీ వెళ్లిపోతున్నావనుకున్నానే!"

"లేదక్కా, డ్రైవర్ గారు దారి తప్పారు."

"ఈయనా? ఈయన కారు చెడిపోయిందన్నాడే!"

అక్కచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే తిరిగి బాబాయిని చూశారు. బాబాయి ఆకాశాన్ని ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

మర్నాడు మేనేజర్ అన్నకూతుర్ని ఆపాడు. "మీ బాబాయి వల్ల నాకు ఒక గది ఖాళీ అయిపోయిందమ్మా. ఇద్దరూ ఒకే గదిలో చేరి తెల్లవార్లూ కబుర్లట." చెప్పి, ముక్కు మీద కళ్లజోడు సర్దుకున్నాడు. "అన్నట్టు, వచ్చే నెల నేను మా అత్తగారి ఊరు విమానంలో వెళ్తున్నాను. ఏ పక్క కూర్చుంటే మంచిదో కాస్త కనుక్కుని చెప్పు."

చెల్లెలు టికెట్ మార్చుకుని అక్క ఊరికే బయల్దేరింది. ఎయిర్‌పోర్ట్ దాకా ఇద్దరూ వెనక సీట్లో పోట్లాడుకుంటూనే ఉన్నారు, విమానంలో కిటికీ పక్క సీటు ఎవరిదని. పెట్టెలు దింపుతుంటే అక్కగారు అడిగింది. "అందరినీ అడుగుతారు సరే, మీరు ఎప్పుడైనా ఎక్కారా?"

"ఎక్కానమ్మా, ఒక్కసారి. కిటికీ ఉన్న వరసలోనే."

"మరి ఎలా ఉన్నాయి?"

"చూడలేదు," అన్నాడు బాబాయి.

అక్కచెల్లెళ్లు ముఖాలు చూసుకున్నారు. ఇంకేదో అడగబోతుంటే టైమైపోయింది. లోపలికి వెళ్లిపోయారు.

అన్నకూతురు కారెక్కి తలుపు వేసుకుంది. "నువ్వు విమానం ఎక్కావా? ఎప్పుడు? నాకెప్పుడూ చెప్పలేదే!"

"నీకు చెప్పేదేముంది? నువ్వూ ఉన్నావు కదా. నిన్ను మా ఇంటికి తెచ్చుకున్నప్పుడు."

ఆమెకి ఆ ప్రయాణం ఏమీ గుర్తు లేదు. చెంపకి గరుకుగా ఆనుకున్న ఇస్త్రీ చొక్కా ఒక్కటే, కలలోదో నిజమో తెలియనట్టు గుర్తుంది.

"కిటికీ దగ్గర నిన్ను కూర్చోబెట్టాను," అన్నాడు బాబాయి. "ముందురోజంతా ఏడ్చి ఉన్నావేమో, ఎక్కీ ఎక్కగానే నా మీదికి ఒరిగి నిద్రపోయావు. ఎండ సూటిగా నీ మొహం మీద పడుతోంది. కిటికీ రేకు కిందికి లాగేశాను."

"తర్వాత కొంచెం ఎత్తి చూడొచ్చు కదా?"

"ఎత్తితే లేస్తావు. లేస్తే 'అమ్మ ఏది?' అంటావు. నా దగ్గర జవాబేముంది? దిగేదాకా కదల్లేదు. ముందు వరసలోవాళ్లు 'అబ్బ, చూడు చూడు' అంటున్నారు. వెనక వరసలోవాళ్లు 'అదిగో, అదిగో' అంటున్నారు. ఏం చూస్తున్నారో ఏమో, నాకు మాత్రం రేకే. అప్పటినుంచీ కనబడినవాణ్ణల్లా అడుగుతున్నాను."

ఆమె ముక్కు ఎగబీల్చి, "వచ్చే వారమే టికెట్లు తీస్తాను. నువ్వూ పిన్నీ. రేకు నేను ఎత్తి పట్టుకుంటాను," అంది.

"అబ్బే, వద్దు తల్లీ! నేను వెళ్తే ఒక్కరోజు మబ్బులే కనబడతాయి. ఇక్కడ కూర్చుంటే ఎన్నెన్ని రకాలు వస్తున్నాయి! పైగా నేనే చూసేస్తే ఇక వచ్చినవాళ్లని ఏమని పలకరించను?"

అక్కడే మాటల్లో పడి గంట దాటేసరికి, వాళ్ల తల మీదుగా ఒక విమానం లేచింది. ఎండలో తళుక్కుమని, దూరంగా తెల్లటి గుట్టలకేసి ఏటవాలుగా పోతోంది. బాబాయి అద్దం దించి తల బయటపెట్టాడు.

"మనవాళ్లదే! ఈసారైనా చూస్తుంటారంటావా?"

"ముందు కిటికీ పక్క ఎవరు కూర్చోవాలో తేలాలి కదా బాబాయ్!"