సంతాప సభలో మైకు

గాజువాకలో మా మహిళా సంఘాన్ని నిలబెట్టింది అక్క. చట్టసభల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు కావాలని ఆమె వెంట ఇరవై ఏళ్లు వీధివీధీ తిరిగి సంతకాలు సేకరించాను. రాజ్యాంగ సవరణ పాసైన రోజు ఆమె కేన్సర్ వార్డులో ఉంది. పరిగెత్తుకెళ్లి చెప్పాను.

"ఎప్పట్నుంచంట?" అంది.

"జనాభా లెక్కలయ్యాక, నియోజకవర్గాలు మళ్లీ విడదీసాకంట అక్కా."

"అయితే నాను సూడనే," అని గోడవైపు తిరిగింది.

నెల తిరక్కుండానే పోయింది. సంతాప సభ వేదిక మీద అందరూ మగ నాయకులే. నన్నెవరూ పిలవలేదు. నేనే వెళ్లి మైకు లాక్కున్నాను.

"ఇక్కడ ఒక్క ఆడమనిషికీ కుర్చీ లేదేటి?" అన్నాను. ఆపైన ఏడ్చేశాను.

ఒకాయన మెల్లిగా మైకు తీసుకుని, అందర్నీ రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు.